తూము లేని చెరువు దగ్గర నాలుగు రోజులు

మొదటి రోజు, శనివారం

చెరువు అనగానే ముందు కట్ట ఎక్కి చూడటం నాకు ముప్ఫై ఏళ్ళ అలవాటు. చిన్న నీటిపారుదల విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. కట్ట ఎత్తు ఎంత, తూము ఎక్కడ, అలుగు ఎటు, ఆయకట్టు ఎన్ని ఎకరాలు, ఈ నాలుగూ తెలిస్తే ఆ చెరువు నాకు పరిచయమైనట్టే. మసాచుసెట్స్‌లో, యాక్టన్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వచ్చి నెలన్నర అయింది. "మామయ్యగారూ, ఇక్కడికి దగ్గర్లోనే ఒక ఫేమస్ చెరువుంది, చూసొద్దామా?" అన్నాడు అల్లుడు. "ఆయకట్టు ఎంత?" అన్నాను. అతను నవ్వాడు. నేను జోకు వెయ్యలేదు.

ఆ చెరువు పేరు వాల్డెన్. కాంకర్డ్ అనే ఊరి పొలిమేరలో, అడవి మధ్యలో ఉంటుంది. చుట్టూ ఉన్న 335 ఎకరాల అడవితో కలిపి రాష్ట్ర ప్రభుత్వం నడిపే పార్కు. దాని పూర్తి పేరు వాల్డెన్ పాండ్ స్టేట్ రిజర్వేషన్. రిజర్వేషన్ అంటే మనకు గుర్తొచ్చేది వేరు కాబట్టి ఇక నుంచి పార్కు అనే రాస్తాను.

ఆగస్టు చివరి వారం, మంచి ఎండ. పులిహోర పూర్తిగా చల్లారితే గానీ డబ్బాలో సర్దకూడదని మా ఆవిడ పట్టు. దాంతో బయల్దేరేసరికి పదకొండు దాటింది. వెళ్ళేసరికి పార్కింగ్ నిండిపోయిందని బోర్డు పెట్టేశారు. లోపల మనుషులు ఒక లెక్కకు చేరగానే గేటు మూసేస్తారట. రోడ్డు పక్కన ఆపుకుందామంటే దానికీ వీల్లేదు. "తాతయ్యా, తిరుమలలో లాగా టోకెన్ ఇవ్వరా?" అని మా మనవరాలు అడిగింది. తప్పు మాదే. వేసవి శనివారం మధ్యాహ్నం ఇక్కడికి రావడమంటే ముక్కోటి ఏకాదశి నాడు తీరుబడిగా దర్శనానికి వెళ్ళడమే.

వెనక్కి పోవడం ఇష్టం లేక ఊళ్ళోకి పోయాం. ఇంగ్లిషువాళ్ళు ఈ ఊరు కట్టుకున్నది 1635లో. అంతకు ముందు ఇక్కడి ఆదివాసులు దీన్ని మస్కెటాక్విడ్ అనేవారు. పచ్చిక బయళ్ళ మధ్య పారే నది అని అర్థం. 1775 ఏప్రిల్ 19న అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైన రోజున ఇక్కడి నార్త్ బ్రిడ్జి దగ్గర కాల్పులు జరిగాయి. ఇప్పుడున్న వంతెన 1956లో పాత నమూనాలో కట్టింది. చూశాం, ఫోటోలు దిగాం, పులిహోర అక్కడే తిన్నాం.

ఊళ్ళోని మ్యూజియంలో మాత్రం చాలాసేపు నిలబడిపోయాను. ఆకుపచ్చ రంగు వేసిన ఒక చిన్న చెక్క డెస్కు, ఒక మంచం, ఒక కుర్చీ. వాల్డెన్ చెరువు పక్కన చిన్న ఇల్లు కట్టుకుని ఒంటరిగా ఉన్న హెన్రీ డేవిడ్ థోరో సామాన్లు అవి. 1817లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. ఇంట్లో పెన్సిళ్ళ వ్యాపారం. హార్వర్డ్‌లో చదివాడు. 1845 జులై 4న చెరువు గట్టున కాపురం పెట్టి, 1847 సెప్టెంబరు 6న ఖాళీ చేశాడు. రెండేళ్ళ రెండు నెలల రెండు రోజులు. ఆ రోజుల గురించి 1854లో 'వాల్డెన్' పుస్తకం వేశాడు. నలభై నాలుగేళ్ళకే క్షయతో పోయాడు. ఇదంతా పలకల మీద చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఆయన పొట్టకూటి కోసం చేసిన పనుల్లో ఒకటి భూముల సర్వే! గొలుసు, దిక్సూచి పట్టుకుని పొలాల గట్లు కొలిచినవాడు. ఇన్నాళ్ళూ ఎవరో సన్యాసి అనుకున్నాను. మన శాఖవాడే.

రెండో రోజు, ఆదివారం

ఉదయం ఆరున్నరకే చేరాం. ఈసారి పులిహోర లేదు, రాత్రి మిగిలిన చపాతీలు. పార్కింగుకు మసాచుసెట్స్ నంబరు బండికి ఎనిమిది డాలర్లు, బయటి రాష్ట్రం బండికి ముప్ఫై. రోడ్డు దాటి వాలులో కిందికి దిగాం.

అలవాటు కొద్దీ మొదట కట్ట కోసం వెతికాను. లేదు. చుట్టూ కొండ వాలుల్లాంటి గట్లు, వాటి నిండా ఓక్, పైన్ చెట్లు. మధ్యలో నీళ్ళు. మోకాలి లోతు దాకా దిగితే కాలి వేళ్ళు, కింద గులకరాళ్ళు లెక్కపెట్టొచ్చు. తూము లేదు, అలుగు లేదు. సరే, వాగు ఎటునుంచి వచ్చి పడుతుందో చూద్దామని చుట్టూ నడవడం మొదలుపెట్టాం. గట్టు వెంబడి బాట పొడవు సుమారు 1.7 మైళ్ళు. గట్టు కోసుకుపోకుండా, జనం అడ్డదారిన దిగకుండా బాటకు రెండు వైపులా తీగ కట్టారు. సగం దూరం నడిచినా వాగు కనిపించలేదు. పూర్తిగా తిరిగినా కనిపించదని అల్లుడికి ముందే తెలుసు. చెప్పకుండా నన్ను నడిపించాడు.

ఇది ఎవరూ తవ్వింది కాదు. పది పన్నెండు వేల ఏళ్ళకు పైమాట, ఈ ప్రాంతమంతా కప్పిన హిమానీనదం వెనక్కి తగ్గుతూ పెద్ద పెద్ద మంచు దిబ్బలను వదిలేసి పోయింది. కరిగే నీళ్ళతో కొట్టుకొచ్చిన ఇసుక, కంకర ఆ దిబ్బల చుట్టూ, మీదా పేరుకున్నాయి. తర్వాత లోపలి మంచు కరిగింది, మీది ఇసుక కూలింది, గుంట మిగిలింది. ఆ గుంట అడుగు భూగర్భ జల మట్టం కన్నా కిందికి ఉంది కాబట్టి నీళ్ళు ఊరాయి. వచ్చే నీటిలో సగం కన్నా కొంచెం ఎక్కువ నేరుగా మీద పడే వాన, మంచు. మిగతాది తూర్పు గట్టు కింది నుంచి ఊరే నీరు. పోయేది కూడా భూమిలోకే. పడమటి గట్టు ఇసుకలోంచి సడ్బరీ నది వైపు జారిపోతుంది. ఒకసారి వచ్చిన నీరు మారడానికి సుమారు ఐదేళ్ళు పడుతుందట.

అంటే ఇది చెరువు కాదు, అరవై ఎకరాల బావి! ఆ మాట పైకే అనేశాను. మా మనవరాలు "బావి అయితే గిలక ఏది?" అంది.

బావి అని ఒప్పుకున్నాక అన్నీ అర్థమయ్యాయి. నీళ్ళు ఇంత తేటగా ఉన్నాయంటే, మన చెరువుల్లో లాగా వాగు తెచ్చే ఒండ్రు ఇక్కడ లేదు. పూడిక తీసే పనే లేదు. మట్టం ఏళ్ళ తరబడి కొన్ని అడుగులు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఈ ఏడు వాన పడితే ఈ ఏడే నిండాలని లేదు, భూగర్భ జలం తీరిగ్గా వస్తుంది. మన బోర్ల దగ్గర భూగర్భ జల మట్టం కొలవడానికి పెట్టే పీజోమీటర్ రీడింగు లాంటిదే, కాకపోతే ఇక్కడ కళ్ళకు కనిపిస్తుంది.

థోరో కాలంలో ఈ చెరువుకు అడుగే లేదని ఊరివాళ్ళ నమ్మకం. ఆయన ఒప్పుకోలేదు. 1846 మొదట్లో చెరువు గడ్డకట్టినప్పుడు మంచు మీద నడుస్తూ, వందకు పైగా చోట్ల చిల్లులు పొడిచి, చేపలు పట్టే తాడుకు రాయి కట్టి దించాడు. అన్నింటికన్నా లోతైన చోట 102 అడుగులు వచ్చింది. మన లెక్కలో పదిహేడు నిలువులు. ఇప్పటి సాధనాలతో కొలిచినా అటూ ఇటూగా అదే అంకె. ఆ కొలతలతో గీసిన మ్యాపులో ఒక సంగతి గమనించాడు: చెరువును అన్నిటికన్నా పొడవుగా కోసే గీత, అన్నిటికన్నా వెడల్పుగా కోసే గీత కలిసే చోటే అతి లోతైన చోటు. ఆయన చేసిన సర్వేల పటాలు కాంకర్డ్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. రాసినదంతా పక్కన పెట్టినా సరే, చలిలో మంచు మీద పడుకుని తాడు దించినందుకు నేను ఆయనకు దణ్ణం పెడతాను. మా రోజుల్లో కొలవకుండానే ఎం-బుక్కు, అంటే పనుల కొలతలు రాసే పుస్తకం, నింపినవాళ్ళు నాకు తెలుసు.

ఉత్తరం వైపు చెరువు నీళ్ళు ఒక చిన్న పాయలా గట్టు లోపలికి చొచ్చుకొస్తాయి. దానికి కాస్త పైన, చెట్ల మధ్య, రాతి స్తంభాలు పాతి గొలుసు కట్టిన పది అడుగులకు పదిహేను అడుగుల స్థలం. ఇల్లు అక్కడే ఉండేది. ఆయన వెళ్ళిపోయాక ఇల్లు తరలిపోయింది, చోటు కూడా ఖచ్చితంగా ఎక్కడో తెలియకుండా పోయింది. 1945లో రోలండ్ రాబిన్స్ అనే ఆయన తవ్వి, పొయ్యి గొట్టం పునాది రాళ్ళు పట్టుకున్నాడు. పక్కనే పెద్ద రాళ్ళ కుప్ప. 1872 నుంచి వచ్చినవాళ్ళు తలా ఒక రాయి వేస్తున్నారు. మా ఆవిడ కూడా ఒకటి వేసి చెంపలేసుకుంది. "ఆయన దేవుడు కాదే" అంటే, "మీరు దణ్ణం పెడతాననలేదూ?" అంది.

ఈ స్థలం ఆయనది కాదు, ఎమర్సన్‌ది. ఆ పెద్ద రచయితే 1844లో ఇక్కడ భూమి కొని, ఉండమన్నాడు. థోరో అమ్మ ఇల్లు మైలున్నర దూరం. తరచూ ఊళ్ళోకి వెళ్ళివచ్చేవాడు కూడా. దీన్ని పట్టుకుని ఆయన్ను వెక్కిరించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నాకు తప్పేమీ కనిపించలేదు. మన వానప్రస్థులు మాత్రం కొడుకు ఇంటికి భోజనానికి వెళ్ళేవారు కాదా?

ఇంకా పడమటికి నడిస్తే ఎట్టకేలకు కట్ట దొరికింది. రైలు కట్ట! థోరో రావడానికి ఒక ఏడాది ముందు, 1844లో ఫిచ్‌బర్గ్ రైలు మార్గం వేశారు. చెరువు మూలను ఆనుకుని పోతుంది. మట్టి మోసినవాళ్ళు ఐర్లాండు నుంచి వచ్చిన పేద కూలీలు. వాళ్ళలో ఒకరి గుడిసెను నాలుగు డాలర్ల పాతిక సెంట్లకు కొని, చెక్కలు ఊడదీసి తన ఇంటికి వాడుకున్నాడు థోరో. మేం నిలబడి ఉండగానే ఒక రైలు పోయింది. నీళ్ళ మీద సన్నగా అలలు లేచాయి, లేదా నాకు అలా అనిపించింది.

ఆ రైలే మంచు వ్యాపారాన్ని ఇక్కడికి తెచ్చింది. బోస్టన్‌కు చెందిన ఫ్రెడరిక్ ట్యూడర్ చెరువుల్లో గడ్డకట్టిన మంచును రంపాలతో కోయించి, రంపపు పొట్టు కప్పి, ఓడల్లో వేడి దేశాలకు పంపేవాడు. 1833లో మొదటిసారి కలకత్తాకు 180 టన్నులు పంపితే, నాలుగు నెలల ప్రయాణం తర్వాత సుమారు వంద టన్నులు మిగిలాయి. మద్రాసులో ఆ మంచు దాచడానికి 1842లో సముద్రం ఒడ్డున కట్టిన గుండ్రటి భవనం ఇప్పటికీ ఉంది. చిన్నప్పుడు ట్రిప్లికేన్‌లో మా బాబాయి ఇంటికి పోవాలంటే "ఐస్ హౌస్" అనే స్టాపులో దిగేవాళ్ళం. ఐసు ఎక్కడిదో, ఎవరు పెట్టారో ఎవరూ అడగలేదు. 1897లో వివేకానందుడు అమెరికా నుంచి తిరిగివచ్చాక తొమ్మిది రోజులు బస చేసింది ఆ ఇంట్లోనే. ఇప్పుడు దాని పేరు వివేకానంద ఇల్లం. మా గుంటూరు జిల్లా ఆనాడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. మా ముత్తాతల్లో ఎవరైనా వ్యాజ్యానికి మద్రాసు పోయి ఏ ప్లీడరు గారింట్లోనో ఒక ముక్క అమెరికా మంచు చప్పరించారేమో, చెప్పలేం.

1846-47 చలికాలంలో వాల్డెన్‌కు వంద మంది కూలీలు వచ్చి మంచు కోశారు. పదివేల టన్నులని అంచనా వేసిన ఒక కుప్పను గడ్డి, పలకలతో కప్పారు. ఇక్కడే మా శాఖ గుర్తొచ్చింది. తర్వాతి వేసవిలో కొంత తీసుకెళ్ళి మిగతాది వదిలేశారు. అది 1848 సెప్టెంబరు దాకా ఎండకు కరుగుతూ, చాలావరకు మళ్ళీ చెరువులోకే పోయింది. అంటే మద్రాసువాళ్ళు తిన్నది ఈ చెరువు మంచేనని బల్లగుద్ది చెప్పలేను. థోరో మాత్రం మద్రాసు, బొంబాయి, కలకత్తా జనం తన బావి దగ్గర నీళ్ళు తాగుతున్నారని సంబరపడ్డాడు. ఆ రోజుల్లో ఆయన పొద్దున్నే చదివే పుస్తకం భగవద్గీత, 1785లో చార్లెస్ విల్కిన్స్ చేసిన ఇంగ్లిషు అనువాదం. వాల్డెన్ నీళ్ళు గంగలో కలుస్తున్నట్టు ఊహించుకున్నాడు. ఈ సంగతి చెప్పగానే మా ఆవిడ చెప్పులు విడిచి, మూడు దోసిళ్ళు తల మీద చల్లుకుంది.

దక్షిణం గట్టున పెద్దగా చూసేదేమీ లేదు, నీడ బావుంది. నీళ్ళలో ఈతగాళ్ళు నడుముకు నీళ్ళ మీద తేలే నారింజ రంగు గాలి బుడ్డీలు కట్టుకుని ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పోతున్నారు. అందరికీ చెప్పాల్సిన సంగతి ఒకటుంది, భోజనానికి ముందు చదవకండి. వేసవిలో ఈ చెరువులో చేరే భాస్వరంలో సగానికి పైగా ఈతగాళ్ళ మూత్రంతోనే వస్తుండవచ్చని 2018లో అచ్చైన ఒక అధ్యయనం చెప్పింది. మన రైతులు డీఏపీ బస్తా కోసం క్యూలో నిలబడితే ఇక్కడ ఉచితంగా వేస్తున్నారు. అడుగున పెరిగే నైటెల్లా అనే నాచు ఆ ఎరువును పీల్చేస్తోంది కాబట్టి పైన నీళ్ళు ఇంకా తేటగా ఉన్నాయి. వాతావరణం వేడెక్కి ఆ నాచు దెబ్బతింటే చెరువు పచ్చబడుతుందని శాస్త్రవేత్తల భయం.

మూడో రోజు, సోమవారం

అమ్మాయి సెలవు పెట్టింది. ఈ రోజు నాకు బాగా నచ్చింది పార్కింగ్ దగ్గర కట్టిన నమూనా ఇల్లు. ఒక మంచం, ఒక బల్ల, మూడు కుర్చీలు, ఒక పొయ్యి. దానికన్నా నచ్చింది ఆయన ఖర్చు పట్టీ. చెక్కలు 8 డాలర్ల మూడున్నర సెంట్లు. పాత ఇటుకలు వెయ్యి, 4 డాలర్లు. మేకులు 3.90. రెండు పాత కిటికీలు అద్దాలతో సహా 2.43. సున్నం 2.40, రేటు ఎక్కువైందని గొణుగుడు కూడా రాశాడు. సుద్దముక్క ఒక సెంటు. రవాణా 1.40, చాలావరకు తన వీపు మీదే మోశాడట. మొత్తం 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు. అర సెంటు కూడా వదల్లేదు! ఇలాంటి బిల్లు నా టేబుల్ మీదికి వచ్చి ఉంటే కళ్ళు మూసుకుని సంతకం పెట్టేవాణ్ణి.

మధ్యాహ్నం సందర్శకుల కేంద్రంలో కూర్చుని పార్కు పుట్టుక కథ చదివాను. ఇది చెట్లంత సహజంగా పుట్టిందేమీ కాదు. థోరో పోయిన నాలుగేళ్ళకే, 1866లో, రైలు కంపెనీవాళ్ళు పడమటి గట్టున ఊయలలు, పడవలు, స్నానాల గదులతో వినోద పార్కు పెట్టారు. అది 1902లో కాలిపోయింది. 1922లో ఎమర్సన్ కుటుంబంతో పాటు ఇంకా కొన్ని కుటుంబాలు సుమారు 80 ఎకరాలను రాష్ట్రానికి దానమిచ్చాయి. థోరో, ఎమర్సన్‌ల నాటి వాల్డెన్‌ను కాపాడాలి, జనం ఈత, పడవలు, చేపలు పట్టడం కూడా చేసుకోవచ్చు అని షరతు. ఈ రెండూ ఒకే కాగితంలో ఉండటమే తర్వాతి గొడవకంతా మూలం. 1935 వేసవిలో కొన్ని ఆదివారాలు పాతిక వేల మంది దాకా వచ్చారు. 1957లో, అప్పట్లో పార్కు నడిపే కౌంటీవాళ్ళు జనానికి వసతులు పెంచుతామని బుల్డోజరుతో ఉత్తరపు గట్టున చెట్లు పడగొట్టారు. ఊరివాళ్ళు, థోరో అభిమానులు కోర్టుకు పోయారు. 1960లో రాష్ట్ర సుప్రీంకోర్టు దానపత్రం షరతునే గట్టిగా పట్టుకుని ఆ పనులకు అడ్డం పడింది. 1975లో పార్కు రాష్ట్రం చేతికి వచ్చింది.

ఇది చదువుతుంటే కుర్చీలో సర్దుకుని కూర్చోవాల్సి వచ్చింది. సర్వీసులో శిఖం భూముల, అంటే చెరువు లోపలి భూముల, ఆక్రమణల మీద నేను ఇచ్చిన నోటీసులు లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్ళు చాలవు. వాటి వల్ల ఖాళీ అయిన భూములు లెక్కపెట్టడానికి ఒక చెయ్యే ఎక్కువ. చెరువు నిండితే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో చూపే ఎఫ్‌టీఎల్ రాళ్ళు పాతించిన చోటే రెండేళ్ళ తర్వాత వెంచర్ బోర్డు చూశాను. ఇక్కడివాళ్ళు మనకన్నా మంచివాళ్ళని కాదు. పెద్ద రోడ్డుకు అవతల, ఇదే అడవిలో, 1950ల చివర్లో ఊరి చెత్త డంపు పెట్టారు. అది 1990ల దాకా నడిచింది. ఆఫీసు భవనాలు కడతామని బిల్డర్లు వచ్చారు. 1990లో గాయకుడు డాన్ హెన్లీ ఒక సంస్థ పెట్టి, చందాలు పోగుచేసి ఆ భూములు కొనాల్సి వచ్చింది.

అవతల ఉన్న గుట్ట పేరు బ్రిస్టర్స్ హిల్. బ్రిస్టర్ ఫ్రీమన్ బానిసగా బతికి, స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడి, స్వేచ్ఛ వచ్చాక ఇక్కడ ఎకరం నేల కొనుక్కున్నాడు. విడుదలైన బానిసలు మరికొందరు, కేటో ఇంగ్రహమ్, వడికి బతికిన జిల్ఫా వైట్ లాంటివాళ్ళు ఈ అడవిలోనే ఉండేవారు. ఊరి మంచి నేలలో చోటు దొరక్క ఈ ఇసుక పర్రలోకి వచ్చారు. థోరో ఏకాంతం కోరి వచ్చిన చోటికి వీళ్ళు గతిలేక వచ్చారు. వీళ్ళ పేర్లు ఆయన పుస్తకంలో రాశాడు, ఆ మాట చెప్పుకోవాలి.

సాయంత్రం స్లీపీ హాలో శ్మశానానికి వెళ్ళాం. రచయితల గుట్ట మీద, కుటుంబ సమాధుల మధ్య, జానెడు రాయి మీద "హెన్రీ" అని మాత్రమే ఉంది. ముందర ఎవరెవరో వదిలిన పెన్సిళ్ళు. మా మనవరాలు జామెట్రీ బాక్సులోంచి ఒకటి తీసి పెట్టింది. చెక్కి పెట్టింది.

1846 జులైలో చెప్పు బాగుచేయించుకోవడానికి ఊళ్ళోకి వచ్చిన థోరోను, తల పన్ను కట్టలేదని పట్టుకుని ఒక రాత్రి జైల్లో పెట్టారు. బానిసత్వాన్ని సాగనిచ్చి, మెక్సికో మీద యుద్ధం చేసే సర్కారుకు డబ్బు ఇవ్వనన్నాడు. దాని మీద ఆయన వ్యాసం 1849లో అచ్చయింది. గాంధీ దాన్ని దక్షిణాఫ్రికాలో చదివి, 1907లో తన పత్రికలో భాగాలు వేశారు. 1922 మొదట్లో మా పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన రైతులు శిస్తు కట్టమని భీష్మించుకున్నప్పుడు, వాళ్ళలో ఎవరికీ కాంకర్డ్ పేరు తెలిసి ఉండదు. మా తాతగారికి తెలియదు. జప్తుకు వస్తారని గొడ్లను రాత్రికి రాత్రి వేరే ఊరికి తోలేశామని మాత్రం చెప్పేవారు. అల్లుడికి ఈ కథ ఇప్పుడే మొదటిసారి చెప్పాను. కారు ఆపి విన్నాడు.

నాలుగో రోజు, బుధవారం

మంగళవారం వాన, ఇల్లు కదల్లేదు. ఈ రోజు నేనూ మా ఆవిడా బోస్టన్ చూద్దామని సౌత్ యాక్టన్ స్టేషన్లో రైలెక్కాం. అదే ఫిచ్‌బర్గ్ లైను. కాంకర్డ్ దాటాక చెరువు ఎడమ వైపు వస్తుందని అల్లుడు చెప్పి పంపాడు. ఎడమ కిటికీ దగ్గర కూర్చున్నాను. మా ఆవిడ బండి కదిలిన ఐదు నిమిషాలకే కునుకు తీసింది.

కాంకర్డ్ స్టేషన్ పోయింది. చెట్లు, చెట్లు, మళ్ళీ చెట్లు. ఉన్నట్టుండి కొమ్మల సందుల్లోంచి కింద తెల్లగా మెరిసింది. వాన తర్వాతి నీళ్ళు, మధ్యలో ఒక్క నారింజ బుడ్డీ. మట్టం పెరిగిందేమోనని గట్టు రాళ్ళ వైపు చూశాను. ఏడు లెక్కపెట్టేలోపు మళ్ళీ చెట్లు కమ్మేశాయి.

"ఏమండీ, చెరువు వచ్చిందా?" అంది మా ఆవిడ, కళ్ళు తెరవకుండానే.

"వచ్చి వెళ్ళింది."

"లేపొచ్చుగా!"

"తిరుగు ప్రయాణంలో కుడి వైపు కూర్చుందాంలే" అన్నాను.